యువ పాఠకులు నిలవాలంటే గ్రంథపాలకులు చేయవలసిన పని

పదేళ్ల వయసు వరకూ కథల పుస్తకాల కోసం పోటీపడిన పిల్లల్లో చాలామంది పన్నెండు, పదమూడేళ్లు వచ్చేసరికి గ్రంథాలయానికి రావడం తగ్గించేస్తారు. చదువుల ఒత్తిడి పెరగడం, ఫోను చేతికి రావడం, తీరిక సమయమంతా స్నేహితులతో గడపాలనిపించడం ఇందుకు కారణాలని అందరమూ అనుకుంటాం, అవి నిజమే. గ్రంథాలయం లోపలే ఉన్న కారణాన్ని మాత్రం మనం అంతగా పట్టించుకోము. ఆ వయసు పిల్లలకు బాలల విభాగంలో కూర్చోవడం నామోషీగా ఉంటుంది, పెద్దల విభాగంలోకి వెళ్తే పలకరించేవారుండరు. ఆ రెండింటి నడుమ ఆగిపోయిన పిల్లలకు తగిన పుస్తకాన్ని తగిన సమయంలో అందించి, ఆ వెంటనే పక్కకు తప్పుకోగలిగిన మనిషి ఒకరుంటే చదివే అలవాటు తెగిపోదు. పాఠశాలలో గాని, ప్రజా గ్రంథాలయంలో గాని ఆ మనిషిగా ఉండదలచినవారు ఏమేం చేయాలో ఇక్కడ వివరిస్తున్నాను.

ఈ పని విలువ తెలియడానికి ఒక్క ఫలితం చూస్తే చాలు. ఆర్థిక సహకార, అభివృద్ధి సంస్థ 2000 సంవత్సరంలో పదిహేనేళ్ల విద్యార్థులకు పెట్టిన పీసా పరీక్షల వివరాలను విశ్లేషించి 2002లో ఒక నివేదిక వెలువరించింది. తల్లిదండ్రులు చిన్న ఉద్యోగాలు చేస్తున్నా ఇష్టంగా, విస్తారంగా చదివే పిల్లలకు, పెద్ద ఉద్యోగుల ఇళ్లలో పెరుగుతూ చదవడం మీద ఆసక్తి లేని పిల్లల కంటే సగటున ఎక్కువ మార్కులు వచ్చాయని అందులో తేలింది. ఇష్టమే మార్కులకు కారణమని ఈ లెక్క రుజువు చేయదు. బాగా చదవగలిగినవారికి సహజంగానే ఇష్టం పెరిగి ఉండవచ్చు. అయినా పుట్టిన ఇంటి స్థితి ఒక్కటే పిల్లల పఠనాన్ని నిర్ణయించదని మాత్రం ఇది గట్టిగా చెబుతోంది. ఇంట్లో పుస్తకాలు లేని పిల్లలకు ఆ ఇష్టం కలగాలన్నా, కలిగాక అది తీరాలన్నా గ్రంథాలయం తప్ప మరో చోటు దాదాపుగా ఉండదు.

రానివ్వడంతో మొదలు

పందొమ్మిదో శతాబ్దం చివరి వరకూ అనేక ప్రజా గ్రంథాలయాలు పన్నెండేళ్లు, కొన్నిచోట్ల పద్నాలుగేళ్లు నిండనివారిని లోపలికి రానిచ్చేవి కావు. ఆ అడ్డు తొలగించడానికి పాటుపడినవారిలో ఆన్ కరోల్ మూర్ ముఖ్యురాలు. 1906లో న్యూయార్క్ ప్రజా గ్రంథాలయంలో పిల్లల సేవల బాధ్యత చేపట్టిన ఆమె, సభ్యులుగా చేరే పిల్లల చేత ఒక పెద్ద పుస్తకంలో సంతకం చేయించేవారు. తీసుకెళ్లిన పుస్తకాలను జాగ్రత్తగా చూసుకుంటామని, గ్రంథాలయ నియమాలు పాటిస్తామని ఆ సంతకంతో పిల్లలు మాట ఇచ్చేవారు. పిల్లలను నమ్మి, ఆ నమ్మకాన్ని నిలబెట్టుకునే అవకాశం వారికే ఇచ్చిన పద్ధతి అది.

ఇప్పుడు వయసు నిషేధం లేకపోయినా, మన సభ్యత్వ పత్రమే ఆ పని చేస్తోందేమో ఒకసారి చూసుకోవాలి. తల్లిదండ్రుల సంతకం, చిరునామా రుజువు, డిపాజిట్టు, ఫొటోలు అన్నీ తెస్తే తప్ప పుస్తకం ఇవ్వమని చెబితే, ఆ రోజు తనంతట తాను వచ్చిన పిల్ల మళ్లీ వస్తుందన్న నమ్మకం లేదు. పత్రం ఇంటికి ఇచ్చి పంపినా, ఆ రోజే ఒక్క పుస్తకమైనా చేతిలో పెట్టి పంపే వెసులుబాటు కోసం మీ పై అధికారులతో మాట్లాడండి. ఒకటి రెండు పుస్తకాలు తిరిగి రాకపోవచ్చు. ఆ నష్టాన్ని భరించదగినదిగానే నేను భావిస్తాను.

ఆలస్య రుసుము సంగతీ ఇంతే. పుస్తకం గడువు దాటిపోయిన పిల్లవాడు రుసుముకు భయపడి పుస్తకమూ తేడు, తానూ రాడు. అమెరికా గ్రంథాలయ సంఘం 2019 జనవరిలో ఇటువంటి రుసుములు సామాజిక అసమానతకు ఒక రూపమని తీర్మానించింది. అదే సంవత్సరం అక్టోబరులో షికాగో ప్రజా గ్రంథాలయం వాటిని పూర్తిగా ఎత్తివేసింది. మీ గ్రంథాలయంలో రుసుము ఎత్తివేసే అధికారం మీకు లేకపోతే, కనీసం పద్దెనిమిదేళ్ల లోపువారికి మినహాయింపు అడగండి. పుస్తకం పోతే దాని బదులు మరో ప్రతి తెచ్చి ఇవ్వమనడం వేరు, ఆలస్యమైన ప్రతి రోజుకూ డబ్బు కట్టమనడం వేరు.

మాట కలపడం

ఈ పనిలో అన్నిటికంటే కష్టమైనదీ, అన్నిటికంటే ఫలితం ఇచ్చేదీ సంభాషణ. పిల్లలు సాధారణంగా వచ్చి "ఏదైనా మంచి పుస్తకం ఉందా?" అని అడుగుతారు, లేదా ఏమీ అడగకుండా అరల ముందు తచ్చాడుతుంటారు. అప్పుడు మనకు వెంటనే నోటికి వచ్చే ప్రశ్నలు "ఏ తరగతి?", "ఏ రచయిత ఇష్టం?" అనేవి. మొదటిది వారిని తరగతి గదిలోకి లాక్కెళ్తుంది. రెండోది, ఎక్కువ చదవనివారిని సిగ్గుపడేలా చేస్తుంది. వాటికి బదులుగా, చదివినదానికే పరిమితం కాకుండా వారిని పట్టి కూర్చోబెట్టిన విషయం ఏదో అడగాలి. ఉదాహరణకు సంభాషణ ఇలా సాగవచ్చు.

"ఈ మధ్య నువ్వు చదివింది గాని, చూసింది గాని, మధ్యలో ఆపబుద్ధి కానిది ఏదైనా ఉందా?"

"చదవలేదు మేడమ్. మునిగిపోయిన ఓడ కోసం సముద్రంలో వెతికే వీడియో ఒకటి చూశాను."

"అందులో నీకు బాగా నచ్చిందేమిటి? ఓడ ఎలా మునిగిందన్నదా, వెతికేవాళ్లు పడిన పాట్లా?"

"వెతికేవాళ్లే మేడమ్. చీకట్లో, గాలి అయిపోతూ ఉంటే..."

"నిజంగా జరిగినవే కావాలా, కల్పించిన కథైనా ఫర్వాలేదా?"

"ఏదైనా ఫర్వాలేదు. మరీ లావుగా ఉండకూడదు."

నాలుగు మాటల్లో మనకు చాలా తెలిసింది. ఆ పిల్లవాడికి కావలసింది ఓడల చరిత్ర కాదు, ప్రాణాపాయంలో పట్టుదలగా పనిచేసే మనుషులు. పుస్తకాలకు విషయాన్ని బట్టి సంఖ్యలిచ్చి అరల్లో అమర్చే డ్యూయీ దశాంశ వర్గీకరణ ప్రకారం ఓడ ప్రమాదాలు 910.45 దగ్గర, సముద్ర విజ్ఞానం 551.46 దగ్గర, ఈత, డైవింగ్ 797.2 దగ్గర ఉంటాయి. కథలు మరో గోడన ఉంటాయి. ఒకే కుతూహలం నాలుగు చోట్ల చెదిరిపోయి ఉందన్నమాట. 1876లో మెల్విల్ డ్యూయీ ప్రచురించిన ఈ పద్ధతి పుస్తకాన్ని దాచిన చోటు చెప్పగలదు గాని, ఆ నాలుగు చోట్లనూ కలిపే దారి మనిషే చూపాలి. భారతీయ గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్. ఆర్. రంగనాథన్ 1931లో ప్రతిపాదించిన అయిదు గ్రంథాలయ సూత్రాల్లో రెండు, ప్రతి పాఠకుడికీ అతని పుస్తకం అందాలని, ప్రతి పుస్తకానికీ దాని పాఠకుడు దొరకాలని చెబుతాయి. ఆ రెండూ ఒకేసారి నెరవేరేది ఇటువంటి సంభాషణలోనే.

సంభాషణ అయ్యాక వేలు పెట్టి "అదిగో, ఆ వరసలో చూడు" అనవద్దు. లేచి వెంట వెళ్లండి. ఒక్క పుస్తకమే ఇస్తే అది నచ్చలేదని చెప్పడానికి పిల్లలు మొహమాటపడతారు కాబట్టి మూడో నాలుగో తీసి బల్ల మీద పెట్టండి. ఒక్కొక్కదాని గురించి ఒకటి రెండు వాక్యాలు చెప్పి, "చూసుకో, ఏదీ నచ్చకపోయినా ఫర్వాలేదు, మళ్లీ వెతుకుదాం" అని మీ చోటికి వచ్చేయండి. దగ్గర నిలబడి ఏది ఎంచుకుంటారా అని చూడడం తగదు. పుస్తకం తిరిగి తెచ్చినప్పుడు "పూర్తి చేశావా?" అని అడగడం కంటే "ఎక్కడిదాకా నచ్చింది?" అని అడగడం మేలు. యాభయ్యో పేజీలో ఆపేశానని పిల్లలు ధైర్యంగా చెప్పగలిగితే, తరువాతి పుస్తకం ఎంపిక మీకు చాలా తేలికవుతుంది.

గ్రంథపాలకుల సొంత చదువు

పైన చెప్పిన సంభాషణ సాగాలంటే యువతరం పుస్తకాలను గ్రంథపాలకులు స్వయంగా చదివి ఉండాలి. అట్ట వెనుక మాటలు, పత్రికల్లో సమీక్షలు సరిపోవు. పిల్లలు ఆ తేడాను ఇట్టే కనిపెడతారు. 1930ల నుంచి బాల్టిమోర్ నగరంలోని ఈనాక్ ప్రాట్ గ్రంథాలయంలో యువజన సేవలు నడిపిన మార్గరెట్ ఎడ్వర్డ్స్ ఈ విషయంలో చాలా కఠినంగా ఉండేవారు. తన దగ్గర శిక్షణ పొందేవారు పెద్ద పుస్తకాల జాబితా ఒకటి చదివి, ఒక్కొక్క పుస్తకం గురించి తనతో మాట్లాడాలని ఆమె నియమం పెట్టారు. పాఠశాలలకు వెళ్లి తరగతుల్లో పుస్తకాలను పరిచయం చేయడమూ, 1940లలో గుర్రపు బండి మీద పుస్తకాలు పేర్చుకుని గ్రంథాలయానికి రాని కుటుంబాలున్న వీధుల్లోకి వెళ్లడమూ ఆమె చేసిన పనులే.

వారానికి ఒక పుస్తకం చదవగలిగితే సంవత్సరానికి యాభై దాటుతాయి. అన్నీ మీకు నచ్చేవే చదివితే ప్రయోజనం తక్కువ. క్రీడలు, భయం గొలిపే కథలు, ప్రేమ కథలు, సైన్స్ ఫిక్షన్, గ్రాఫిక్ నవలలు, జీవిత చరిత్రలు వంతులవారీగా చదవండి. ప్రతి పుస్తకం గురించి ఒక చిన్న కార్డు రాసుకోండి: ఎంత వేగంగా కదులుతుంది, ముఖ్యపాత్ర వయసెంత, ఏ సన్నివేశం దగ్గర పట్టు బిగుస్తుంది, ఎటువంటి పిల్లలకు ఇవ్వవచ్చు. కథాసారం రాయనక్కర్లేదు. ఆరు నెలల తరువాత మీకు అక్కరకొచ్చేది ఆ చివరి వాక్యమే.

పుస్తక పరిచయం చేసే విధానం

తరగతి ముందు నిలబడి పుస్తకాలను పరిచయం చేయడానికి ఇరవై నిమిషాలు దొరికితే అయిదారు పుస్తకాలకు మించి తీసుకోవద్దు. ఒక్కొక్కదానికి రెండు, మూడు నిమిషాలు చాలు. రచయిత పుట్టుక, బహుమతులు, పుస్తకం గొప్పతనం వంటి వాటితో మొదలుపెడితే పిల్లల చూపు కిటికీ వైపు వెళ్తుంది. ఏదో ఒక పాత్ర చిక్కులో పడిన క్షణంతో నేరుగా మొదలుపెట్టండి. ఆ చిక్కు ఎంతటిదో తెలిసేదాకా చెప్పి, ఏమైందో చెప్పకుండా ఆపండి. మొత్తం కథ చెప్పేస్తే పుస్తకం తెరవడానికి కారణం ఉండదు.

ఒక పేజీ బిగ్గరగా చదవాలనుకుంటే ముందు రోజు రెండుసార్లు చదివి చూసుకోండి. సంభాషణలు ఉన్న భాగం వినడానికి బాగుంటుంది, వర్ణనలు ఎక్కువగా ఉన్న భాగం నిద్ర తెప్పిస్తుంది. "ఇందులో మంచి నీతి ఉంది", "మీకు ఉపయోగపడుతుంది" అనే మాటలు వాడవద్దు. ఆ మాటలతో పుస్తకం పాఠ్యాంశాల జాబితాలో చేరిపోతుంది. అన్నిటికంటే ముఖ్యంగా, పరిచయం చేసిన పుస్తకాలు అక్కడికక్కడే తీసుకెళ్లేలా మీ వెంట ఉండాలి. ఒక్కొక్కటి రెండు మూడు ప్రతులు తెచ్చుకుని, చాలనప్పుడు పేర్లు రాసుకుని వరసగా ఇవ్వండి. "వచ్చే వారం వచ్చి తీసుకోండి" అంటే ఆ వారంలో ఉత్సాహం చల్లారిపోతుంది.

అరలు, ఎంపిక

వెన్ను మాత్రమే కనిపించేలా కిక్కిరిసిన అరలో కొత్త పాఠకులు దేన్నీ తీయరు. ప్రతి వరసలో మూడింట ఒక వంతు ఖాళీ ఉంచి, రెండు మూడు పుస్తకాలను అట్ట కనిపించేలా నిలబెట్టండి. ఇందుకోసం పాతవి తీసేయక తప్పదు. కాలం చెల్లిన సమాచారం ఉన్నవి, పేజీలు ఊడినవి, ఏళ్ల తరబడి ఎవరూ ముట్టనివి అరల్లో ఉంటే మంచి పుస్తకాలు కూడా వాటి మధ్య కనబడకుండా పోతాయి. తీసేయడం మనసుకు కష్టంగా ఉంటుంది, ముఖ్యంగా పుస్తకాలను ప్రేమించేవారికి. అయినా సౌర కుటుంబంలో ఇంకా తొమ్మిది గ్రహాలున్నాయని చెప్పే పుస్తకం, ప్లూటోను గ్రహాల లెక్క నుంచి తీసేసిన 2006 తరువాత పుట్టిన విద్యార్థి చేతికి అందడం అంతకంటే కష్టమైన సంగతి.

ఎంపికలో పిల్లల స్వేచ్ఛకు గ్రంథపాలకులే కాపలా ఉండాలి. కామిక్స్ అసలైన చదువు కాదని, చదివిన పుస్తకమే మళ్లీ చదవడం దండగని, ఈ పుస్తకం వయసుకు తేలికని పెద్దలు అంటుంటారు. ఒకే సిరీస్ పుస్తకాలను మొదటి నుంచి చివరి దాకా చదివే పిల్లలు, ఆ లోకంలో పాత్రలు ముందే తెలిసినవి కావడం వల్ల వేగంగా చదవగలుగుతారు. వేగం వల్ల పదాలు పెరుగుతాయి, నిలకడ పెరుగుతుంది. మళ్లీ చదివేవారు మొదటిసారి కథ కోసం చదివి, రెండోసారి రచన ఎలా నడిచిందో గమనిస్తారు. వీటిని అడ్డుకోవలసిన పని లేదు. స్థాయిని బట్టి రంగు చీటీలు అతికించి "నీ రంగు ఇది, ఆ అర జోలికి వెళ్లకు" అనే పద్ధతిని గ్రంథాలయంలోకి రానివ్వకూడదన్నది నా దృఢమైన అభిప్రాయం. ఆ చీటీ మిగతా పిల్లలందరికీ కనబడుతుంది.

తమలాంటివారు పుస్తకాల్లో కనిపించకపోవడం పిల్లలను ఎంతగా దూరం చేస్తుందో అగస్టా బేకర్ పని చూస్తే అర్థమవుతుంది. 1937లో న్యూయార్క్‌లోని హార్లెమ్ ప్రాంతపు శాఖలో చేరిన ఆమె, అక్కడి నల్లజాతి పిల్లలకు ఇవ్వడానికి ఉన్న పుస్తకాల్లో ఆ జాతివారిని కించపరిచే బొమ్మలు, యాస, కథలే ఎక్కువని గమనించి, గౌరవంగా చిత్రించిన పుస్తకాలను వెతికి ప్రత్యేక సేకరణగా నిలిపారు. దశాబ్దాల తరువాత, 1990లో, ఆచార్య రూడీన్ సిమ్స్ బిషప్ ఇదే విషయాన్ని అద్దాలు, కిటికీలు అనే పోలికతో వివరించారు: పుస్తకంలో పిల్లలకు తమ ముఖమూ కనబడాలి, ఇతరుల జీవితమూ కనబడాలి. మీ అరల్లో ఒక గంటసేపు ఈ దృష్టితో వెతకండి. వైకల్యం ఉన్న పాత్ర, వలస వచ్చిన కుటుంబం, ఇంటి పని చేస్తూ చదువుకునే ఆడపిల్ల, ఇద్దరు తల్లిదండ్రులూ లేని ఇల్లు ఎన్ని పుస్తకాల్లో ఉన్నాయో, ఉన్నచోట వారు జాలి పుట్టించడానికే ఉన్నారో, కథను నడుపుతున్నారో రాసుకుంటే వచ్చే సారి కొనవలసిన జాబితా సగం తయారవుతుంది.

అచ్చు అక్షరం కష్టమయ్యేవారు

చదవడం ఇష్టం లేదని చెప్పే పిల్లల్లో కొందరికి అసలు చదవడమే కష్టమని గుర్తుంచుకోవాలి. అక్షరాలను ధ్వనులతో జతచేసి పదాలు గుర్తించడం కష్టమయ్యే డిస్లెక్సియా, చూపు లోపం, బడిలో వేరే భాషలో చదవవలసి రావడం వంటివి వారు చెప్పుకోరు. వారికి ఆడియో పుస్తకాలు, పెద్ద అక్షరాల ప్రతులు, చిన్న అధ్యాయాలున్న పుస్తకాలు అందరికీ ఉన్న అరలోనే ఉంచండి. వేరే మూల కేటాయిస్తే అక్కడికి ఎవరూ వెళ్లరు. ఆడియో వింటూ అచ్చు ప్రతిని కళ్లతో అనుసరించడం చాలామందికి మేలు చేస్తుంది. 2013లో కుదిరి 2016 సెప్టెంబరు 30న అమలులోకి వచ్చిన మరాకేష్ ఒప్పందాన్ని ఆమోదించిన దేశాల్లో, అచ్చు చదవలేనివారి కోసం పుస్తకాన్ని బ్రెయిలీలోకి, డైసీ వంటి వినే రూపంలోకి మార్చడానికి, అర్హత ఉన్న సంస్థలు హక్కుదారుల అనుమతి తీసుకోనక్కర్లేదు. మీ దేశపు కాపీరైట్ చట్టంలో ఈ మినహాయింపు ఏ రూపంలో ఉందో తెలుసుకుని, అటువంటి ప్రతులు తయారుచేసే సంస్థతో సంబంధం పెట్టుకోండి.

పిల్లలకు పని, వారి గుట్టుకు కాపు

యువ పాఠకుల కోసం కార్యక్రమాలు పెద్దలే నిర్ణయిస్తే కుర్చీలు నిండవు. ఆరుగురు ఎనిమిదిమందితో ఒక చిన్న బృందం ఏర్పరచి, సంవత్సరపు పుస్తకాల బడ్జెట్టులో కొంత భాగం ఎంపికను నిజంగానే వారికి అప్పగించండి. వారు ఎంచుకున్నవి మీకు నచ్చకపోయినా కొనాలి. ఒక్కసారి కాదంటే ఆ బృందం పేరుకే మిగులుతుంది. చదివిన పుస్తకం గురించి మూడు వాక్యాల చీటీ రాసి అర అంచున అతికించమంటే, తోటివారి మాట చూసి మరో నలుగురు ఆ పుస్తకం తీసుకుంటారు. మెచ్చుకునే చీటీలే కాక "నాకు నచ్చలేదు, ఎందుకంటే" అనే చీటీలనూ ఉంచండి.

ఎవరు ఏ పుస్తకం తీసుకున్నారో గ్రంథాలయం దాటి పోకూడదు. శరీరంలో మార్పులు, కుటుంబ కలహాలు, దిగులు, ప్రేమ వంటి విషయాల గురించి ఎవరినీ అడగలేక పుస్తకాన్ని ఆశ్రయించే వయసు ఇది. గడువు దాటిన పుస్తకాల జాబితాను పేర్లతో సహా తరగతిలో చదివించడం, రిజిస్టరును కౌంటరు మీద తెరిచి ఉంచడం, గడువు దాటిందని ఇంటికి ఫోను చేసి పుస్తకం పేరు చెప్పడం వెంటనే మానవలసిన అలవాట్లు. ఇటువంటి పుస్తకాలను కౌంటరు దాకా తేవడానికి సంకోచించేవారు అక్కడే కూర్చుని చదువుకోవడానికి వీలుగా ఆ అర దగ్గర ఒక కుర్చీ వేయండి.

ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు

ఉపాధ్యాయులతో పొత్తు లేకుండా పాఠశాల గ్రంథాలయం సాగదు. వారి నుంచి కోరవలసింది ముఖ్యంగా సమయం: వారానికి ఒక పీరియడు పిల్లలు తమకు నచ్చినది చదువుకోవడం, ఆ సమయంలో ఉపాధ్యాయులు కూడా ఏదో ఒకటి చదవడం. చదివినదానికి పరీక్ష, నివేదిక, మార్కులు ఉండకూడదని ముందే ఒప్పించండి. తల్లిదండ్రులు "మా అబ్బాయి పనికొచ్చేవి చదివేలా చూడండి" అన్నప్పుడు వాదానికి దిగవద్దు. ఆ అబ్బాయి ఇష్టపడినదీ, వారు కోరినదీ చెరొకటి ఇచ్చి, ఇష్టపడినది ముందు చదవనివ్వమని మర్యాదగా అడగండి.

పెద్దల విభాగానికి మారేటప్పుడు

చాలా గ్రంథాలయాలు మరిచిపోయే ఘట్టం ఇది. పదహారు, పదిహేడేళ్ల వయసులో సభ్యత్వ కార్డు మారుతుంది, అంతవరకూ తెలిసిన గ్రంథపాలకురాలు వేరే విభాగంలో ఉండిపోతుంది, కొత్త గదిలో అంతా అపరిచితులే. కార్డు మార్చే రోజున ఆ పాఠకులను మీరే వెంటబెట్టుకుని పెద్దల విభాగానికి తీసుకెళ్లి, అక్కడి సహోద్యోగికి పేరుతో పరిచయం చేయండి. వారి అనుమతితో, ఇంతవరకూ ఇష్టపడిన రెండు మూడు పుస్తకాల సంగతి కూడా చెప్పండి. ఆ విభాగంలోంచి మొదటి పుస్తకాన్ని అప్పటికప్పుడే ముగ్గురూ కలిసి వెతకండి. చదువు కోసం వేరే ఊరు వెళ్తున్నవారైతే, అక్కడి ప్రజా గ్రంథాలయంలోనూ కళాశాల గ్రంథాలయంలోనూ సభ్యత్వం ఎలా తీసుకోవాలో ఒక కాగితం మీద రాసి ఇవ్వండి. కావలసిన రుజువులు, పనివేళలు ముందే కనుక్కుని అందులో చేర్చండి.